ఇంట్లో పురుడు, తోడు మిడ్‌వైఫ్: విశాఖలో ముందే ఏమేం చూసుకోవాలి? (రెండో కాన్పు, 31 వారాలు)

మధురవాడ వదిన:

అందరికీ నమస్కారం. మా ఆడపడుచుకి ఇది రెండో కాన్పు, 31 వారాలు నడుస్తున్నాయి. మొదటిది మామూలు కాన్పే. 39 వారాలకు అయింది, పాప 2.9 కిలోలు, రెండు కుట్లు పడ్డాయి, రక్తస్రావం ఎక్కువ కాలేదు. ఈసారి ఇంట్లోనే, చదువుకున్న మిడ్‌వైఫ్ చేతుల మీదుగా పురుడు పోసుకోవాలని భార్యాభర్తలిద్దరూ అనుకుంటున్నారు. వాళ్ల అత్తగారు "మా రోజుల్లో మంత్రసానులు పోయలేదా" అంటున్నారు, మావగారు ససేమిరా వద్దంటున్నారు.

వివరాలు ఇవి: బీపీ 110/70. హిమోగ్లోబిన్ 10.2 పాయింట్లు. గ్లూకోజు తాగించి 2 గంటలకు చేసిన చక్కెర పరీక్ష 118. బిడ్డ ఒక్కటే, స్కాన్‌లో మాయ పైన ఉందని రాశారు. ఆమెది బి నెగెటివ్, ఆయనది ఓ పాజిటివ్. ఇల్లు మధురవాడలో మూడో అంతస్తు, లిఫ్ట్ చిన్నది. గడువు జులైలో సింహాచలం గిరి ప్రదక్షిణ రోజుల్లోనే పడుతోంది.

ఇది చట్టప్రకారం చెల్లుతుందా? మిడ్‌వైఫ్ అని చెప్పుకునేవారి అర్హత ఎలా తెలుసుకోవాలి? ఏ పరిస్థితిలో ఇంకేం ఆలోచించకుండా ఆసుపత్రికి బయల్దేరాలి? నీళ్ల టబ్‌లో కాన్పు మన ఇళ్లలో కుదురుతుందా? తెలిసినవారు వివరంగా చెప్పండి.

కాన్పుగది సిస్టర్:

అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు ఆ బి నెగెటివ్ సంగతి చూడండి. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే తల్లి ఒంట్లో బిడ్డ రక్తకణాలకు విరుగుడు తయారుకావచ్చు. అలా కాకుండా 28 వారాలకు ఇవ్వాల్సిన యాంటీ-డి ఇంజెక్షన్ గురించి మీరు రాయలేదు. ఇచ్చి ఉంటే సరే. లేకపోతే ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లి ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష (తల్లి రక్తంలో ఆ విరుగుడు ఉందో లేదో చూసేది) చేయించండి. నెగెటివ్ వస్తే 300 మైక్రోగ్రాముల యాంటీ-డి ఇస్తారు, ఆలస్యమైనా ఇవ్వడమే మంచిది. పాజిటివ్ వస్తే మొదటి కాన్పులోనో ఈ గర్భంలోనో ఆమె ఒంట్లో బిడ్డ రక్తకణాలకు విరుగుడు తయారై ఉండొచ్చని అర్థం. అప్పుడు ఈ ఇంజెక్షన్ పనిచేయదు, కడుపులో బిడ్డకి రక్తం తగ్గిపోతుందేమో స్కాన్లతో చూస్తూ ఉండాలి, ఇంటి కాన్పు మాట అక్కడితో ఆగిపోవాలి. పరీక్ష నెగెటివ్ అయినా పని ఇంకొంత ఉంది. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు నుంచి 2, 3 మి.లీ. రక్తం తీసి గ్రూపు, డైరెక్ట్ కూంబ్స్ (బిడ్డ రక్తకణాలకి ఆ విరుగుడు అంటుకుందో లేదో చూసే పరీక్ష) చేయించాలి. బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల్లోపు తల్లికి మళ్లీ యాంటీ-డి. ఆ రక్తం ఏ సీసాలో తీయాలి, అర్ధరాత్రి ఏ ల్యాబ్ తీసుకుంటుంది, ఇంజెక్షన్ ఎక్కడ దొరుకుతుంది అన్నవి 36 వారాల లోపే తేల్చుకోండి. ఆసుపత్రిలో ఇవన్నీ వాటంతట అవే జరుగుతాయి కాబట్టి ఇంట్లో చాలామంది మర్చిపోయేది సరిగ్గా ఇదే.

రెండోది రక్తం. 10.2 పాయింట్లతో ఇంట్లో పురుడు వద్దు, 11 దాటాలి. గర్భిణిలో 7 నుంచి 10.9 మధ్య ఉంటే ప్రభుత్వ పద్ధతిలో ఐరన్ ఫోలిక్ మాత్ర, అంటే 60 మి.గ్రా. ఐరన్ ఉన్నది, రోజుకి రెండు ఇస్తారు. టీ, కాఫీ, కాల్షియం మాత్ర ఇవేవీ దాంతో కలపకూడదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. పొద్దున్నే టీతో ఐరన్, వెంటనే కాల్షియం వేసుకుంటే ఒంటికి పట్టేది చాలా తక్కువ. నెలలో 1 పాయింటైనా పెరగకపోతే మాత్రలతో కాలయాపన చేయకుండా నరం ద్వారా ఎక్కించే ఐరన్ గురించి డాక్టరుని అడగండి. రక్తం తక్కువున్న తల్లికి కొంచెం పోయినా, మామూలు తల్లికి చాలా పోయినంత దెబ్బ తగులుతుంది.

చట్టం గురించి: ఇంట్లో కాన్పు నేరం కాదు. కానీ దానికంటూ ప్రభుత్వ ఏర్పాటేమీ లేదు. 2018లో కేంద్రం ఇచ్చిన మిడ్‌వైఫరీ మార్గదర్శకాల ప్రకారం 18 నెలల శిక్షణ పొందిన "నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ" సిస్టర్లు ఆసుపత్రుల్లోని మిడ్‌వైఫ్ యూనిట్లలో పనిచేస్తారు, ఇళ్లకు పంపరు. ఇంటికి వచ్చేవారు సొంతంగా వచ్చేవారే. వారి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అడగండి. అందులో ఆర్.ఎన్. (రిజిస్టర్డ్ నర్స్) మాత్రమే కాదు, ఆర్.ఎం. (రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్) కూడా ఉండాలి, గడువు తీరి ఉండకూడదు. ఆశా కార్యకర్త, డూలా (కాన్పు వేళ పక్కనుండి ధైర్యం చెప్పేవారు), ప్రసవ శిక్షణ తరగతులు చెప్పేవారు, వీళ్లంతా మంచి తోడే గానీ మిడ్‌వైఫ్‌లు కారు. పాతకాలపు మంత్రసాని అనుభవం ఎంత గొప్పదైనా ఆమె చేతిలో ఆక్సిటోసిన్ (గర్భసంచిని బిగించి రక్తం ఆపే మందు) లేదు, బిడ్డకి ఊపిరి అందించే బ్యాగ్ లేదు. అత్తగారికి ఆ తేడా నెమ్మదిగా చెప్పండి.

ఇక మిడ్‌వైఫ్‌ని అడగాల్సినవి. కాన్పుకి ఇద్దరు శిక్షణ పొందినవాళ్లు వస్తారా? బిడ్డ ఊపిరి తీయక, అదే నిమిషంలో తల్లికి రక్తం ధారకడితే రెండు చేతులు చాలవు. ఆ రోజు ఆమె వేరే కాన్పులో ఉంటే బదులుగా ఎవరొస్తారు? బిడ్డ గుండె చప్పుడు ఎంతసేపటికోసారి వింటారు? నొప్పులు బలపడ్డాక 15 నిమిషాలకోసారి, నొప్పి తగ్గిన వెంటనే పూర్తిగా ఒక నిమిషం. ముక్కే దశలో 5 నిమిషాలకోసారి. ఈ జవాబు తడుముకోకుండా రావాలి. తర్వాత, మీరు ఎలాంటి వాళ్లకి ఇంటి కాన్పు చేయనంటారు అని అడగండి. పాత సిజేరియన్, కవలలు, ఎదురుకాళ్ల బిడ్డ, బీపీ, షుగరు, మాయ కిందికుండటం, గత కాన్పులో విపరీత రక్తస్రావం, 37 వారాల ముందు, 42 వారాల తర్వాత. ఈ జాబితాలో ఏ ఒక్కదానికైనా "పర్లేదు, చూసుకుందాం" అంటే ఆ మనిషి వద్దు.

ఎంవీపీ ప్రసూతి డాక్టర్:

సిస్టర్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. మావగారి భయం ఎంతవరకు నిజమన్నది లెక్కతో చెప్తాను. 2011లో ఇంగ్లండ్‌లో వచ్చిన బర్త్‌ప్లేస్ అధ్యయనంలో, ప్రమాదాలేవీ లేని గర్భిణుల్లో రెండో కాన్పు వారికి ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ బిడ్డకి జరిగే హానిలో తేడా కనిపించలేదు. తొలిచూలు వారికి మాత్రం ఇంట్లో ఎక్కువే: వెయ్యికి 9.3, ఆసుపత్రిలో 5.3. ఇంట్లో మొదలుపెట్టి మధ్యలో ఆసుపత్రికి తరలినవారు తొలిచూలులో 45 శాతం, మలిచూలులో 12 శాతం. కాబట్టి రెండో కాన్పు కావడం మీకు అనుకూలం. కానీ ఆ లెక్క అక్కడి ఏర్పాటుతో వచ్చింది. అక్కడ మిడ్‌వైఫ్ ఆసుపత్రి వ్యవస్థలో భాగం, ఆమె ఫోన్ చేస్తే లోపల గది సిద్ధమవుతుంది. మన దగ్గర ఆ గొలుసు మీరే కట్టుకోవాలి. కట్టుకోలేకపోతే ఆ 12 శాతంలో పడినప్పుడు దారిలో పోయే సమయం తల్లీబిడ్డల మీద పడుతుంది.

గొలుసు అంటే ఇది. 36 వారాలకల్లా ఒక ఆసుపత్రిలో పేరు రాయించి, స్కాన్లు, రక్తపరీక్షలు ఉన్న ఫైలు ఒక కాపీ అక్కడ ఇవ్వండి. సిజేరియన్, రక్తం, పసిపిల్లల ఐసీయూ మూడూ రాత్రి పూట కూడా ఉన్న చోటు కావాలి. బి నెగెటివ్ రక్తం అంత సులువుగా దొరకదు. అదే గ్రూపు లేదా ఓ నెగెటివ్ దాతలు ఇద్దరిని ఫోన్ నంబర్లతో సహా ఎంచి పెట్టుకోండి.

రక్తస్రావం గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ప్రాణం పోయేది ఎక్కువగా ఇక్కడే. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం పోతుంటుంది. మాయ ఊడిన చోట తెరుచుకున్న నాళాల్ని మూసేది గర్భసంచి కండరం బిగుసుకోవడమే. అందుకే బిడ్డ పుట్టిన నిమిషంలోపు, లోపల ఇంకో బిడ్డ లేదని పొట్ట తడిమి చూసి, తొడ కండరంలో ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇవ్వాలి. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. విశాఖ ఎండలో బండి డిక్కీలో తిరిగిన ఆంప్యూల్ చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, పని మాత్రం చేయకపోవచ్చు. ఐస్ ప్యాకుల పెట్టెలో తెస్తారా, మీ ఇంటి ఫ్రిజ్‌లో పెడతారా అడగండి. ఐస్‌కి నేరుగా తగిలి గడ్డకట్టనివ్వకూడదు. ఆక్సిటోసిన్ లేని పక్షంలో మిసోప్రోస్టాల్ 600 మైక్రోగ్రాములు, అంటే 200 మాత్రలు మూడు, నోటి ద్వారా. ఇదీ బిడ్డ పుట్టాకే.

పుట్టక ముందు "నొప్పులు రావడానికి సూది" అని ఇంట్లో ఎవరైనా ఆక్సిటోసిన్ పొడిస్తానంటే ఆ క్షణమే ఆపండి. కండరంలో ఇచ్చిన మందుని వెనక్కి తీసుకోలేం. నొప్పికి నొప్పికి మధ్య విరామం లేకపోతే బిడ్డకి ప్రాణవాయువు అందదు, గర్భసంచి చీలిపోవచ్చు. పొట్ట మీద చేతులేసి బలంగా నొక్కి బిడ్డని తోయడం కూడా అంతే ప్రమాదం.

మాయ పడ్డాక గర్భసంచి బొడ్డు దగ్గర కొబ్బరికాయలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే మర్దన చేసి గట్టిపరచాలి, మూత్రం పోయించాలి. నిండిన మూత్రాశయం గర్భసంచిని బిగుసుకోనివ్వదు. గట్టిగా ఉన్నా రక్తం పోతోందంటే చీలిక వెతకాలి. మాయ మొత్తం వచ్చిందో లేదో పళ్లెంలో పరిచి చూడాలి, ముక్క లోపలుంటే గంటల తర్వాతైనా రక్తం ధారకడుతుంది. పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తక్కువే చెప్తారు. ప్యాడ్లని, కిందేసే షీట్లని పొడిగా ఉన్నప్పుడు వంటింటి త్రాసులో తూచి రాసి పెట్టండి, తడిశాక మళ్లీ తూచండి. ఒక గ్రాము ఎక్కువైతే ఒక మి.లీ. రక్తమని లెక్క. 300 మి.లీ. దాటి ఇంకా పోతుంటే, నాడి వేగం పెరుగుతుంటే 500 దాకా ఆగకండి. నిమిషానికి నాడి అంకె బీపీ పై అంకెను అందుకుందంటే అప్పటికే ఆలస్యమవుతోంది. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము నరంలోకి 10 నిమిషాలపాటు, కాన్పయిన 3 గంటల్లోపు ఇస్తేనే ప్రయోజనం. మిడ్‌వైఫ్‌కి నరంలో క్యానులా (మందు ఎక్కించే సన్నని గొట్టం) పెట్టడం వచ్చా, ఈ మందు సంచిలో ఉందా అని అడగండి.

బయల్దేరాల్సిన గుర్తులు కాగితం మీద రాసి గోడకి అంటించండి. బిడ్డ గుండె 110 కంటే తక్కువ లేదా 160 కంటే ఎక్కువ ఉండటం, నొప్పి తర్వాత పడిపోతూ ఉండటం. ఉమ్మనీరు చిక్కగా ఆకుపచ్చగా రావడం. బీపీ రెండుసార్లు 140/90, లేదా ఒక్కసారైనా 160/110. తలపోటు, చూపు మసకబారడం, ఇవి గుర్రపువాతానికి ముందు వచ్చేవి. జ్వరం 38 డిగ్రీలు. ఉమ్మనీరు పోయి 24 గంటలైనా కాన్పు కాకపోవడం. నొప్పులు బలంగా ఉన్నా 4 గంటల్లో ముఖద్వారం 2 సెం.మీ. కూడా తెరుచుకోకపోవడం. రెండో కాన్పులో గంటసేపు ముక్కినా బిడ్డ రాకపోవడం. ఆక్సిటోసిన్ ఇచ్చాక 30 నిమిషాలకీ మాయ పడకపోవడం. వీటిలో ఏది వచ్చినా మిడ్‌వైఫ్ మాటే చివరిమాట. భర్తో అత్తగారో "ఇంకో అరగంట చూద్దాం" అనకూడదు. ఈ ఒప్పందం ఇప్పుడే, అందరి ముందూ జరగాలి.

నా అభిప్రాయం దాచను. వీళ్లు కోరుకునేది తోడు, కదిలే స్వేచ్ఛ, అనవసరపు కోత లేకపోవడం అయితే, మిడ్‌వైఫ్‌లు చూసుకునే ఆసుపత్రి గదిలో అవన్నీ దొరుకుతాయి, రక్తం బ్యాంకు కూడా దగ్గర్లో ఉంటుంది. ఆర్‌హెచ్ నెగెటివ్ (బి నెగెటివ్‌లోని నెగెటివ్ అదే), 10.2 పాయింట్లు ఉన్న ఈ తల్లికి నేనైతే అదే చెప్తాను.

గాజువాక ఈఎంటీ (అంబులెన్స్ సిబ్బంది):

తరలింపు గురించి రెండు మాటలు. లిఫ్ట్ లోపలి లోతు టేపుతో కొలవండి. స్ట్రెచర్ ఆరడుగులు ఉంటుంది, చిన్న అపార్ట్‌మెంట్ల లిఫ్ట్‌లో పట్టదు. రక్తం పోతున్న తల్లిని కుర్చీలో నిటారుగా దింపితే స్పృహ తప్పుతుంది. మెట్ల మలుపులో తిరిగేలా దళసరి దుప్పటి, నలుగురు మనుషులు, ఇది ముందే ఒకసారి మనిషిని పడుకోబెట్టి ప్రయత్నించి చూడండి. మలుపు దగ్గర ఎవరు తల వైపు, ఎవరు కాళ్ల వైపు అన్నది అప్పుడే తెలుస్తుంది. నొప్పుల దశలోనే బయల్దేరితే నొప్పికి నొప్పికి మధ్య ఆమే నడిచి దిగగలదు. అందుకే అనుమానం రాగానే కదలడం మేలు.

బండిలో వెల్లకిలా పడుకోబెట్టొద్దు, ఎడమ పక్కకి. నిండు గర్భసంచి బరువు వెన్ను పక్కనున్న పెద్ద సిర మీద పడితే బీపీ పడిపోతుంది. బొడ్డుతాడు ముందు జారి బయటికొస్తే దాన్ని లోపలికి తోయొద్దు, బండి వచ్చేదాకా మోకాళ్ల మీద వంగి ఛాతీ కిందికి, నడుము పైకి ఉంచాలి, బండిలో ఎడమ పక్కకి పడుకోబెట్టి నడుము కింద దిండు పెట్టి తీసుకెళ్లాలి.

మధురవాడ నుంచి కేజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) పదిహేను కిలోమీటర్లకు అటూఇటూ. రాత్రి రెండింటికి ఒక లెక్క, సాయంత్రం ఆరింటికి మద్దిలపాలెం దగ్గర ఇంకో లెక్క. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు వైపు వెళ్లొద్దు. గిరి ప్రదక్షిణ రోజు భక్తులు హనుమంతవాక, అప్పూఘర్ మీదుగా వచ్చి ఎన్ఏడీ, గోపాలపట్నం గుండా సింహాచలం చేరతారు. అంటే మధురవాడ నుంచి ఊళ్లోకి వచ్చే దారి సరిగ్గా వాళ్లకి అడ్డం పడుతుంది. ఆ రెండు రోజులూ హనుమంతవాక దాటకుండా మధురవాడ వైపే, ఆపరేషన్ వసతి ఉన్న ఆసుపత్రి ఒకటి రెండో ఎంపికగా పెట్టుకోండి. లేదా ఆ రెండు రోజులు ఊళ్లో బంధువుల ఇంట్లో ఉండటం ఇంకా మంచిది. 108కి ఫోన్ చేసినప్పుడు "రెండో కాన్పు, ఇన్ని వారాలు, ఇదీ సమస్య" అని ఒక్క ముక్కలో చెప్పి, అపార్ట్‌మెంట్ పేరుకంటే ముందు అందరికీ తెలిసిన ఆనవాలు చెప్పండి. వాచ్‌మన్ గేటు దగ్గర లైటుతో నిలబడాలి. సొంత కారు కూడా పెట్రోలుతో, తాళాలు తలుపు పక్కన మేకుకి తగిలించి ఉండాలి.

మధురవాడ వదిన:

అందరికీ చాలా కృతజ్ఞతలు. యాంటీ-డి ఇవ్వలేదని ఇప్పుడే తెలిసింది, రేపు తీసుకెళ్తున్నాం. 36 వారాలకి 11 పాయింట్లు రాకపోతే ఆసుపత్రికే అని ఇద్దరూ ఒప్పుకున్నారు. టబ్ గురించి, బిడ్డ పుట్టాక చేయాల్సినవాటి గురించి, జనన ధ్రువపత్రం గురించి కూడా చెప్తారా?

కాన్పుగది సిస్టర్:

టబ్‌కి లెక్క వేసి చూడండి. మనిషి కూర్చుని పొట్ట మునగాలంటే 500 లీటర్లు కావాలి, నీరు 36 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. ట్యాంకు నీళ్లు 28 డిగ్రీలనుకుంటే, గీజరు నీళ్లు 60 డిగ్రీల దగ్గర ఉంటే, దాదాపు 140 లీటర్ల వేడినీళ్లు కలపాలి. 25 లీటర్ల గీజరు ఆరుసార్లు నిండాలి. 2 కిలోవాట్ల గీజరుకి ఒక్కోసారి అరగంట చొప్పున మొత్తం మూడు గంటలు. అంతలో మొదట పోసినవి చల్లారతాయి. రెండో కాన్పు మూడు గంటల్లోనే అయిపోవచ్చు కూడా. పైగా నీళ్లే అర టన్ను, బాల్కనీలో మాత్రం అస్సలు పెట్టకూడదు. నొప్పులు ఓర్చుకోవడానికి గోరువెచ్చని షవర్, నడుము మీద వేడి కాపడం, వెనక నుంచి ఎవరైనా తుంటి ఎముకల్ని అరచేతులతో అదమడం చాలావరకు ఆ పని చేస్తాయి. నీళ్లలో కాన్పయితే పోయిన రక్తం తూచడానికీ ఉండదు. రక్తం తక్కువున్న తల్లికి టబ్ వద్దనే నా మాట.

గదిలో ఏసీ, ఫ్యాను బిడ్డ తల కనిపించే వేళకి ఆపేయండి. తల్లికి చెమటలు పడతాయి, ఫర్వాలేదు, తడి బట్టతో తుడవండి. బిడ్డకి 25 నుంచి 28 డిగ్రీల గది, గాలి తగలకుండా కావాలి. కరెంటు పోతే పనికొచ్చేలా చార్జింగ్ లైటు ఒకటి తలకి కట్టుకునేది, ఒకటి చేతిది. గట్టి బల్ల ఒకటి ఖాళీ చేసి దాని మీద పొడి తువ్వాలు పరచి ఉంచండి; బిడ్డకి ఊపిరి అందించాల్సి వస్తే పరుపు మీద కుదరదు.

పసిపిల్లల వార్డు నర్సు:

బిడ్డ బయటికి రాగానే పొడి తువ్వాలుతో వీపు, తల బాగా తుడిచి, ఆ తడి తువ్వాలు పక్కన పడేసి, తల్లి రొమ్ముల మీద బట్టల్లేకుండా పడుకోబెట్టి పైన పొడిది కప్పాలి. తలకిందులుగా పట్టుకోవడం, పిర్రల మీద కొట్టడం వద్దు. ఏడుస్తుంటే బొడ్డు కోయడానికి 1 నుంచి 3 నిమిషాలు ఆగాలి. తుడిచినా ఊపిరి తీయకపోతే మొదటి నిమిషం దాటకుండా బ్యాగ్, మాస్క్‌తో నిమిషానికి 40 సార్లు గాలి ఇవ్వాలి. ఛాతీ పైకి లేస్తేనే గాలి వెళ్తున్నట్టు. లేవకపోతే మాస్క్ అంచు సరిగ్గా ఆనలేదు, లేదా మెడ మరీ వంగి ఉంది. మాస్క్ నెలలు నిండిన బిడ్డకి సరిపోయే 1వ నంబరు ఉండాలి.

గంటలోపు ముర్రుపాలు. తేనె, పంచదార నీళ్లు వద్దు. బొడ్డుకి పసుపు, ఆముదం, బూడిద, పౌడరు ఏవీ రాయకండి, పొడిగా వదిలేయండి. స్నానం 24 గంటల తర్వాతే. విటమిన్-కె 1 మి.గ్రా. తొడ కండరంలో తప్పకుండా ఇప్పించండి. ఇది మిడ్‌వైఫ్ సంచిలో ఉందా అని ముందే చూడాలి, ఇంట్లో పుట్టిన పిల్లలకి తరచూ జారిపోయేది ఇదే. హెపటైటిస్-బి మొదటి డోసు 24 గంటల్లోపు. బీసీజీ సీసాలో చాలా డోసులుంటాయి, కలిపాక 4 గంటల్లో వాడేయాలి కాబట్టి అర్బన్ హెల్త్ సెంటర్‌లో టీకాల రోజు దాకా ఆగమంటారు. బీసీజీకి ఆగొచ్చు, హెపటైటిస్-బికి ఆగకూడదు.

మిడ్‌వైఫ్ కాన్పయిన మొదటి రెండు గంటలు 15 నిమిషాలకోసారి తల్లి గర్భసంచి, రక్తం, నాడి చూడాలి, 24 గంటల్లో మళ్లీ రావాలి. ఆర్‌హెచ్ సంగతి ఉంది కాబట్టి మొదటి 24 గంటల్లో బిడ్డ ముఖం పసుపుపచ్చగా కనిపిస్తే ఎండలో పెట్టి చూడొద్దు, నేరుగా ఆసుపత్రికి. 24 గంటల్లో నల్ల విరేచనం, 48 గంటల్లో మూత్రం కాకపోయినా, పాలు వదిలేసినా, ఊపిరి నిమిషానికి 60 దాటినా అంతే. ఆశా కార్యకర్త ఇంటి కాన్పుకి 1, 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఏడుసార్లు వచ్చి చూడాలి. కాబట్టి ఆమెకి ఇప్పుడే చెప్పి ఉంచండి.

ధ్రువపత్రం: ఇంట్లో పుట్టిన బిడ్డ వివరాలు 21 రోజుల్లోపు ఇంటిపెద్దే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ)లో నమోదు చేయించాలి, ఆసుపత్రి పంపదు. గర్భం వివరాలున్న తల్లీబిడ్డల రక్షణ కార్డు, ఇద్దరి ఆధార్, కాన్పు చేసిన మిడ్‌వైఫ్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో ఒక కాగితం దగ్గరుంచుకోండి. 30 రోజులు దాటితే అనుమతులు కావాలి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఆర్డరు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడం దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఆధారం ఈ పత్రమే. రక్షణ కార్డులో ఇప్పటివరకు ఏఎన్ఎం ఎంట్రీలు లేకపోతే రేపు యాంటీ-డికి వెళ్లినప్పుడే అడిగి రాయించుకోండి.